చిక్కుడు ఆకుమచ్చ నుంచి సెల్యులేజ్ లెక్క దాకా: శిలీంధ్రాన్ని వేరుచేసి, దాని ఎంజైమ్‌ను కొలిచే పద్ధతి

మచ్చపడిన చిక్కుడాకు ముక్కను అగర్ ప్లేటు మీద పెడితే నాలుగైదు రోజుల్లో ఏదో ఒక బూజు వచ్చి తీరుతుంది. దాన్ని సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) ఉన్న మీడియా మీదకు మార్చి కాంగో రెడ్ అనే రంగు పోస్తే చుట్టూ పసుపు వలయం కూడా చాలాసార్లు కనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. "ఇది సెల్యులోజ్‌ను కరిగిస్తోంది కాబట్టి తెగులుకు ఇదే కారణం" అని ప్రాజెక్టు రిపోర్టులో రాసేయాలనిపిస్తుంది. కానీ రాలిన ఆకుల మీద, పేడ మీద, కుళ్లిన గడ్డి మీద బతికే ట్రైకోడెర్మా, ఆస్పర్‌జిల్లస్‌లు చిక్కుడాకుకు ఏ మచ్చా తేకుండానే అంతకన్నా పెద్ద వలయాలు ఇస్తాయి.

అందుకే మొదటి రోజు నుంచే నోట్‌బుక్‌లో రెండు ప్రశ్నలు విడివిడిగా రాసుకోండి. ఈ శిలీంధ్రం తెగులు తెస్తుందా? ఈ శిలీంధ్రం తన సెల్యులేజ్ ఎంజైమ్‌తో మొక్క కణాల గోడలోని సెల్యులోజ్‌ను ఎంత కోస్తుంది? మొదటిదానికి జవాబు మొక్క మీద దొరుకుతుంది, రెండోదానికి టెస్ట్ ట్యూబులో. ఒకదాని జవాబును తెచ్చి రెండోదానికి అతికించకూడదు. ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్, మైక్రోస్కోప్, వాటర్ బాత్, 540 నానోమీటర్ల దగ్గర చదవగలిగే కలరీమీటర్ ఉన్న ఏ పీజీ ల్యాబ్‌లోనైనా చేసుకోవచ్చు.

1. ఏ ఆకు కోయాలి

వానలు తగ్గి మంచు పడే రోజుల్లో, పందిరి చిక్కుడు గుబురుగా అల్లుకున్నప్పుడు మచ్చలు బాగా దొరుకుతాయి. పాడేరు, చింతపల్లి వైపు రాజ్మా వేసే చోట్ల ఉన్నవాళ్లకు ఫ్రెంచ్ బీన్స్ తెగుళ్లు కూడా అందుబాటులో ఉంటాయి. పూర్తిగా ఎండి నల్లబడిన ఆకులు కోయకండి. వాటిలో అసలు దోషి ఎప్పుడో వెనక్కి తగ్గి, చనిపోయిన కణజాలం తినడానికి వచ్చినవే మిగిలి ఉంటాయి. మచ్చ ఇంకా పెరుగుతున్న ఆకు కావాలి. మచ్చ మధ్య బూడిద రంగులోకి తిరిగి, అంచు గోధుమ లేదా ఎర్రటి గోధుమ రంగులో ఉండి, చుట్టూ పచ్చని కణజాలం మిగిలి ఉండాలి.

కొన్నింటిని పొలంలోనే పక్కన పెట్టేయండి. ఆకు మొత్తం పసుపు, ఆకుపచ్చ అతుకుల్లా కనిపిస్తే అది పల్లాకు తెగులు, అంటే వైరస్. ఆకు అడుగున వేలితో రుద్దితే కుంకుమ రంగు పొడి అంటుకునేది తుప్పు తెగులు. పైన తెల్లటి పొడి పరుచుకుంటే బూడిద తెగులు. తుప్పు, బూడిద తెగుళ్లు తెచ్చేవి శిలీంధ్రాలే అయినా బతికున్న ఆకు మీదే పెరుగుతాయి, అగర్ మీద రావు. తుప్పు పట్టిన ఆకు నుంచి ప్లేటులో ఏదైనా వచ్చిందంటే అది తుప్పు కాదు, దాని పక్కన ఉన్న ఇంకేదో.

కోసిన ఆకులను కాగితం కవర్లో వేసి ఊరు, తేదీ, పంట, మచ్చ ఎలా ఉందో రాయండి. ప్లాస్టిక్ కవర్లో చెమట పట్టి సాయంత్రానికే పైపై బూజు లేస్తుంది. వీలైతే 24 గంటల్లోపు పని మొదలుపెట్టండి, లేకపోతే ఫ్రిజ్‌లో ఉంచండి.

2. ప్లేటు కన్నా ముందు మైక్రోస్కోప్

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నా దృష్టిలో దీనంత విలువైనది ఇంకొకటి లేదు.

మచ్చ అంచు నుంచి చిన్న ముక్క కోసి, స్లైడు మీద నీటిబొట్టులో పెట్టి, కవర్ స్లిప్ వేసి వెంటనే చూడండి. కోసిన అంచు నుంచి సన్నటి పొగలా మబ్బు నీళ్లలోకి జారుతూ కనిపిస్తే అది బాక్టీరియా తెగులు. ఆ ఆకుతో మీకు పని లేదు.

అలా రాకపోతే తడి గది చేయండి. పెట్రి ప్లేటులో తడిపిన ఫిల్టర్ పేపర్ పరిచి, దానిమీద రెండు గాజు కడ్డీలు పెట్టి, వాటిపై ఆకు ఉంచి మూత పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో మచ్చ మీదే స్పోర్లు (సిద్ధబీజాలు) లేస్తాయి. పారదర్శకమైన టేపు ముక్కను మచ్చకు తాకించి, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు బొట్టు మీద అంటించి చూడండి. ఇక్కడ కనిపించిన స్పోరు బొమ్మ గీసుకోండి. వారం తర్వాత ప్లేటు మీద వచ్చింది ఈ బొమ్మతో సరిపోతే సగం టెన్షన్ తీరినట్టే. సరిపోకపోతే మచ్చలో ఉన్నది ఒకటి, ప్లేటు మీద పెరిగింది ఇంకొకటి అని తెలిసిపోతుంది.

3. పీడీఏ (పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్) మీడియా

తొక్క తీసిన బంగాళాదుంప 200 గ్రాములు ముక్కలు కోసి, అర లీటరు నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి, పల్చటి గుడ్డలో వడగట్టండి. 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 20 గ్రాముల అగర్ కలిపి లీటరుకు నింపండి. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 15 పౌండ్ల పీడనంలో 15 నుంచి 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేయాలి. బాక్టీరియాను ఆపడానికి స్ట్రెప్టోమైసిన్ వాడితే మీడియా చేతితో పట్టుకోగలిగేంత చల్లబడ్డాకే కలపండి, వేడికి అది పాడైపోతుంది. క్లోరాంఫెనికాల్ అయితే ఆటోక్లేవ్ వేడిని తట్టుకుంటుంది.

4. ఆకు ముక్కల నుంచి శిలీంధ్రాన్ని రప్పించడం

ఆకును కుళాయి నీళ్లలో కడిగి, మచ్చ అంచు దగ్గర 3 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కలు కోయండి. ప్రతి ముక్కలో సగం మచ్చ, సగం పచ్చటి భాగం ఉండాలి. శిలీంధ్రం చురుగ్గా ముందుకు కదులుతున్నది ఆ సరిహద్దులోనే.

ముక్కలను 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక నిమిషం ఉంచి, స్టెరైల్ డిస్టిల్డ్ నీళ్లలో మూడుసార్లు కడగాలి. చిక్కుడాకు పల్చటిది, కాబట్టి నిమిషం దాటిస్తే లోపలి శిలీంధ్రం కూడా చనిపోవచ్చు. లేత ఆకులకు 30 సెకన్లు చాలు. పాత ప్రాక్టికల్ పుస్తకాల్లో మెర్క్యురిక్ క్లోరైడ్ అని ఉంటుంది. అది పాదరసం, విషం, సింకులో పోస్తే ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. హైపోక్లోరైట్‌తో పని జరుగుతున్నప్పుడు దాని జోలికి వెళ్లొద్దు.

స్టెరైల్ బ్లాటింగ్ పేపర్ మీద తడి ఆర్చి, ప్లేటుకు నాలుగు ముక్కల చొప్పున దూరందూరంగా పెట్టండి. చివరిసారి కడిగిన నీళ్లు కొంచెం ఒక ప్లేటు మీద పోసి పక్కన ఉంచండి. దానిమీద కాలనీలు లేస్తే ఆకు పైభాగం సరిగా శుభ్రం కాలేదని అర్థం, ఆ బ్యాచ్ మొత్తాన్ని అనుమానించాలి.

25 నుంచి 28 డిగ్రీల దగ్గర 5 నుంచి 7 రోజులు ఉంచండి. ఒక మినహాయింపు ఉంది. బీన్స్ ఆంత్రాక్నోస్ తెచ్చే కొల్లెటోట్రైకమ్ లిండెముథియానం చల్లదనం కోరేది. 20 నుంచి 22 డిగ్రీల దగ్గర పెడితేనే సరిగా పెరుగుతుంది. ఎండాకాలంలో ఏసీ లేని గదిలో పెట్టి "రాలేదు" అని రాస్తే అది శిలీంధ్రం తప్పు కాదు.

ముక్క నుంచి మొదట బయటికి వచ్చిందే అసలైనదని కూడా అనుకోకండి. రైజోపస్ రెండు రోజుల్లో ప్లేటంతా కమ్మేస్తుంది. సెర్కోస్పోరా జాతులు వారమైనా గోరంత కాలనీ కట్టవు. రోజూ చూస్తూ, నెమ్మదిగా వచ్చేవాటిని కమ్ముకుపోకముందే వేరే ప్లేటుకు మార్చండి.

5. శుద్ధ కల్చర్, గుర్తింపు

కాలనీ అంచు నుంచి ఒకే ఒక్క హైఫా (శిలీంధ్రపు పోగు) కొన కోసి కొత్త ప్లేటు మీద పెట్టడం ఒక దారి. స్పోర్లు వచ్చేవాటికి ఒకే స్పోరును ఎంచుకోవడం ఇంకా మంచిది. స్పోర్ల నీటిని బాగా పల్చన చేసి 2 శాతం నీటి అగర్ మీద పరిచి, 12 నుంచి 24 గంటల తర్వాత మొలకెత్తిన స్పోరును మైక్రోస్కోప్ కింద గుర్తుపెట్టి, అగర్‌తో సహా తీయాలి. రెండు శిలీంధ్రాలు కలిసిన కల్చర్‌తో ఎంజైమ్ కొలిస్తే ఆ అంకెకు అర్థమే ఉండదు.

స్పోరు ఆకారం చూస్తే ప్రజాతి (జీనస్) చాలావరకు తెలుస్తుంది. ఆల్టర్నేరియా స్పోరుకు అడ్డంగా, నిలువుగా రెండు రకాల గోడలూ ఉంటాయి, కొన సన్నగా ముక్కులా సాగుతుంది. కర్వులేరియా స్పోరు మధ్య గది ఉబ్బి ఒక పక్కకు వంగి ఉంటుంది. ఫ్యుసేరియం పెద్ద స్పోర్లు కొడవలి ఆకారంలో, అడ్డగోడలతో ఉంటాయి. కొల్లెటోట్రైకమ్ స్పోర్లకు రంగు ఉండదు, అడ్డగోడ ఉండదు. లిండెముథియానంలో నిటారుగా, ట్రంకేటంలో వంపుగా ఉంటాయి. సెర్కోస్పోరావి రంగులేని పొడవాటి సూదులు. రైజోక్టోనియాకు స్పోర్లే రావు. దాదాపు లంబకోణంలో చీలి, చీలిన చోట నొక్కినట్టుండే హైఫానే దాని గుర్తు.

ఇంతవరకే నిశ్చయంగా తెలిస్తే "కొల్లెటోట్రైకమ్ ప్రజాతి" అని రాసి ఆగండి. ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని చదివే సీక్వెన్సింగ్ ప్రజాతి దాకా నమ్మకంగా తీసుకెళ్తుంది. కానీ కొల్లెటోట్రైకమ్, ఫ్యుసేరియంలలో జాతి (స్పీషీస్) స్థాయి తేడాలను అది ఒక్కటే తేల్చలేదు, ఇంకో రెండు మూడు జన్యువులు చూడాలి. సరైన గుర్తింపు కావాలంటే కల్చర్‌ను పుణెలోని ఆఘార్కర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న జాతీయ శిలీంధ్ర కల్చర్ సేకరణకో, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకో పంపవచ్చు.

6. తెగులు తెస్తుందా లేదా

కుండీల్లో ఆరోగ్యంగా పెంచిన చిక్కుడు మొక్కలు కావాలి. స్పోర్లను స్టెరైల్ నీళ్లలో కలిపి, హీమోసైటోమీటర్ అనే గళ్ల స్లైడుతో లెక్కించి, మిల్లీలీటరుకు లక్ష నుంచి పది లక్షల మధ్య ఉండేలా చూసుకోండి. ఆకుకు పట్టుకోవడానికి ట్వీన్ 20 చుక్క కలిపి ఆకుల రెండు వైపులా పిచికారీ చేసి, పాలిథీన్ సంచి కప్పి ఒకటి రెండు రోజులు తేమ ఆరకుండా ఉంచండి. కొన్ని మొక్కలకు నీళ్లు, ట్వీన్ మాత్రమే కొట్టి అలాగే కప్పాలి. మచ్చలు వస్తే అవి పొలంలో చూసిన మచ్చల్లాగే ఉన్నాయా అని పోల్చి, వాటి నుంచి మళ్లీ శిలీంధ్రాన్ని వేరుచేసి, అదే వచ్చిందని నిర్ధారించుకోవాలి. మచ్చ రాని శిలీంధ్రాలను పారేయకండి. ఎంజైమ్ పరీక్షలో పోల్చడానికి అవే అసలైన తోడు.

7. ప్లేటు మీద సెల్యులేజ్

సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ అణువులు బీటా 1,4 బంధాలతో కలిసిన పొడవాటి గొలుసు. దాన్ని ఒక ఎంజైమ్ పూర్తిగా కరిగించలేదు. ఎండోగ్లూకనేజ్ గొలుసును మధ్యలో ఎక్కడపడితే అక్కడ తెంచుతుంది. ఎక్సోగ్లూకనేజ్ కొసల నుంచి రెండేసి గ్లూకోజ్‌లు ఉన్న సెల్లోబయోజ్‌ను తీస్తుంది. బీటా గ్లూకోసిడేజ్ ఆ సెల్లోబయోజ్‌ను గ్లూకోజ్‌గా విడగొడుతుంది. సీఎంసీ అంటే నీళ్లలో కరిగేలా మార్చిన సెల్యులోజ్ కాబట్టి, సీఎంసీ ప్లేటు ప్రధానంగా మొదటి ఎంజైమ్‌నే చూపిస్తుంది. ఈ ఒక్క ప్లేటు చూసి "సెల్యులోజ్‌ను పూర్తిగా విచ్ఛిన్నం చేస్తుంది" అని రాయకూడదు.

లీటరుకు సీఎంసీ 10 గ్రాములు, సోడియం నైట్రేట్ 2, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1, మెగ్నీషియం సల్ఫేట్ 0.5, పొటాషియం క్లోరైడ్ 0.5, అగర్ 15 గ్రాములు. సీఎంసీని ఒక్కసారిగా నీళ్లలో వేస్తే ఉండలు కట్టి ఇక కరగదు. కలుపుతూ ఉన్న గోరువెచ్చని నీళ్ల మీద కొంచెం కొంచెంగా చల్లాలి.

పీడీఏ నుంచి నేరుగా ముక్క తీసి పెడితే డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, కూడా వెంట వస్తుంది. గ్లూకోజ్ దొరికినంతసేపు చాలా శిలీంధ్రాలు సెల్యులేజ్ జన్యువులను అణిచిపెట్టి ఉంచుతాయి. అందుకని ఒకసారి సీఎంసీ అగర్ మీదే పెంచి, ఆ కాలనీ అంచు నుంచి 5 మిల్లీమీటర్ల ముక్క తీసి అసలు ప్లేటు మధ్యలో బోర్లా పెట్టండి.

మూడు నుంచి ఐదు రోజుల తర్వాత, కాలనీ ప్లేటు అంచుకు చేరకముందే, 0.1 శాతం కాంగో రెడ్ పోసి 15 నిమిషాలు ఉంచండి. వంచేసి 1 మోలార్ ఉప్పు నీళ్లు పోసి మరో 15 నిమిషాలు ఆగండి. పొడవాటి గొలుసులున్న చోట రంగు పట్టుకుని ఎర్రగా ఉంటుంది. ఎంజైమ్ ముక్కలు చేసిన చోట ఉప్పు నీళ్లకు రంగు ఊడిపోయి పసుపు వలయం తేలుతుంది. వలయం అంచు మసగ్గా ఉంటే 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయండి. ఎరుపు నీలంగా మారి తేడా స్పష్టమవుతుంది. కాంగో రెడ్ క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉన్న రంగు, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. గ్రామ్స్ అయొడిన్ కూడా మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఇదే పని చేసిపెడుతుంది. రంగు పోసిన ప్లేటు నుంచి కల్చర్‌ను మళ్లీ తీసుకోలేం కాబట్టి ముందే నకలు దాచుకోండి.

వలయం వ్యాసాన్ని కాలనీ వ్యాసంతో భాగిస్తే సూచిక వస్తుంది. వలయం 32, కాలనీ 20 మిల్లీమీటర్లయితే 1.6. ఈ అంకెను నమ్మి శిలీంధ్రాలకు ర్యాంకులు ఇవ్వొద్దు. నెమ్మదిగా పెరిగే శిలీంధ్రానికి కాలనీ చిన్నది కాబట్టి సూచిక దానంతటదే పెద్దదవుతుంది. ప్లేటంతా కమ్మేసే రైజోక్టోనియాకు వలయం కాలనీ కిందే దాగిపోతుంది. ప్లేటు పరీక్షను "ఉందా, లేదా" తేల్చుకోవడానికి వాడండి. ఎంత ఉందో ట్యూబులో తేల్చుకోవాలి.

8. ద్రవ మీడియా

పై మీడియానే అగర్ లేకుండా, పీహెచ్ 5 నుంచి 5.5 దగ్గర, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కుల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున తీసుకోండి. ప్రతి శిలీంధ్రానికి మూడు ఫ్లాస్కులు, శిలీంధ్రం వేయనివి ఇంకో మూడు. షేకర్ లేకపోతే కదపకుండానే ఉంచవచ్చు, కాకపోతే అన్నింటినీ ఒకేలా ఉంచాలి.

ఇక్కడ ఒక అదనపు పని చేస్తే ప్రాజెక్టుకు నిజమైన బలం వస్తుంది. సీఎంసీతో పాటు చిక్కుడాకు గోడనే ఆహారంగా ఇచ్చి చూడండి. ఆరోగ్యకరమైన ఆకులను 80 శాతం ఆల్కహాల్‌లో వాటర్ బాత్ మీద, మంట దగ్గర లేకుండా, వేడి చేయండి. ఆల్కహాల్ ముదురాకుపచ్చగా మారగానే వంచేసి కొత్తది పోయండి. ఆకు కాగితంలా తెల్లబడేసరికి చక్కెరలు, పచ్చదనం పోయి ప్రధానంగా గోడ పదార్థం మిగులుతుంది. ఆరబెట్టి, పొడి చేసి, 1 శాతం కలపండి. సీఎంసీ మీద బలంగా కనిపించిన శిలీంధ్రం ఆకు పొడి మీద చల్లబడటం, లేదా దానికి ఎదురుగా జరగడం మీ కళ్లతోనే చూస్తారు. ఆకు గోడలో సెల్యులోజ్‌ను పెక్టిన్, హెమీసెల్యులోజ్ చుట్టుకుని ఉంటాయి. చాలా తెగులు శిలీంధ్రాలు ముందు పెక్టినేజ్‌లతో దారి తెరుచుకుని, సెల్యులేజ్‌ను ఆ తర్వాత దింపుతాయి. అందుకే 3, 6, 9, 12 రోజులకు విడివిడిగా నమూనాలు తీయాలి. ఒకే రోజు కొలిస్తే ఆలస్యంగా మొదలుపెట్టే శిలీంధ్రం చేతకానిదిగా కనిపిస్తుంది.

వడగట్టిన ద్రవాన్ని చల్లగా సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరినదాన్ని ఐస్ మీద ఉంచండి. ఎంజైమ్ నమూనా అదే.

9. డీఎన్ఎస్ పరీక్ష

ఎంజైమ్ కోసినప్పుడు విడుదలైన చక్కెరను రంగుతో కొలిచేదే డీఎన్ఎస్ (డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లం) పరీక్ష. దీని వెనుక ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, బట్టలు కుళ్లిపోతుంటే కారణం వెతికే పని మొదలైంది. సాలమన్ దీవుల నుంచి తెచ్చిన, సెల్యులోజ్‌ను కోసే ఒక శిలీంధ్రానికి తర్వాత ఆ పరిశోధనకు ముందుండిన ఎల్విన్ రీస్ పేరు మీదే ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. చక్కెర కొలిచే డీఎన్ఎస్ పద్ధతిని 1959లో ఈ రూపానికి తెచ్చిన మిల్లర్ పనిచేసింది కూడా నాటిక్‌లోని రీస్ పనిచేసిన అమెరికా సైనిక ల్యాబ్‌లోనే. సెల్యులేజ్ కొలతలకు ఇప్పటికీ అందరూ అనుసరించే 1987 నాటి ప్రామాణిక పద్ధతులను రాసింది మన ఐఐటీ ఢిల్లీకి చెందిన టి.కె. ఘోష్. కింద ఉన్నది ఆ దారే.

డీఎన్ఎస్ రీయేజెంట్ 100 మిల్లీలీటర్లకు: డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లం 1 గ్రాము, సోడియం హైడ్రాక్సైడ్ 1.6 గ్రాములు, సోడియం పొటాషియం టార్ట్రేట్ 30 గ్రాములు. ముదురు రంగు సీసాలో ఉంచండి.

0.05 మోలార్ సిట్రేట్ బఫర్‌లో, పీహెచ్ 4.8 దగ్గర, 2 శాతం సీఎంసీ ద్రావణం చేయండి. దీన్ని 0.5 మిల్లీలీటర్లు, ఎంజైమ్ 0.5 మిల్లీలీటర్లు కలిపి 50 డిగ్రీల దగ్గర సరిగ్గా 30 నిమిషాలు ఉంచి, 3 మిల్లీలీటర్ల డీఎన్ఎస్ పోసి, మరుగుతున్న నీళ్లలో 5 నిమిషాలు పెట్టి చల్లార్చండి. పసుపు నారింజగా, చక్కెర ఎక్కువుంటే ఇటుక రంగుగా మారుతుంది. 540 నానోమీటర్ల దగ్గర చదవండి. గ్లూకోజ్ స్టాండర్డ్ (తెలిసిన మోతాదు గ్లూకోజ్) ట్యూబులు, బ్లాంకులు (లెక్కలో తీసివేయడానికి పెట్టే ట్యూబులు), నమూనాలు అన్నీ ఒకే గిన్నెలో ఒకేసారి మరగాలి. వేర్వేరుగా మరిగించినవాటిని పోల్చకూడదు.

బ్లాంకుల విషయంలో బద్ధకం పనికిరాదు. ఆకు పొడి మీద పెంచిన ద్రవంలో ముందే చక్కెర ఉంటుంది. కాబట్టి ప్రతి నమూనాకు దాని సొంత ఎంజైమ్ బ్లాంకు పెట్టాలి. దీంట్లో డీఎన్ఎస్ ముందు పోసి, ఎంజైమ్ తర్వాత పోస్తారు. ఎంజైమ్ లేకుండా సీఎంసీ మాత్రమే ఉన్న సబ్‌స్ట్రేట్ బ్లాంకు వేరుగా ఉండాలి. 10 నిమిషాలు మరిగించిన ఎంజైమ్‌తో ఇంకో ట్యూబు పెడితే పని చేస్తున్నది ఎంజైమేనని నిరూపణ అవుతుంది.

లెక్క ఇలా. ఎంజైమ్‌ను పది రెట్లు పల్చన చేశారనుకుందాం. బ్లాంకులు తీసేశాక 0.36 మిల్లీగ్రాముల గ్లూకోజ్ వచ్చింది. ఒక మైక్రోమోల్ గ్లూకోజ్ అంటే 0.18 మిల్లీగ్రాములు కాబట్టి ఇది 2 మైక్రోమోల్స్. 30 నిమిషాలతో, 0.5 మిల్లీలీటర్లతో భాగిస్తే 0.133. పది రెట్లు చేస్తే మిల్లీలీటరుకు 1.33 యూనిట్లు (నిమిషానికి ఒక మైక్రోమోల్ విడుదలైతే ఒక యూనిట్).

మొత్తం సెల్యులేజ్ కోసం ఫిల్టర్ పేపర్ పరీక్ష చేస్తారు. వాట్‌మన్ 1వ నంబరు పేపరును 1×6 సెంటీమీటర్ల పట్టీగా చుట్టి, 1 మిల్లీలీటరు బఫర్‌లో వేసి, 0.5 మిల్లీలీటర్ల ఎంజైమ్‌తో 50 డిగ్రీల దగ్గర గంట సేపు ఉంచుతారు. 0.37ను ఎంజైమ్ గాఢతతో భాగించే ప్రసిద్ధమైన సూత్రం సరిగ్గా 2 మిల్లీగ్రాముల గ్లూకోజ్ విడుదలైనప్పుడే చెల్లుతుంది. ఆకు తెగులు శిలీంధ్రాలు చాలావాటిలో అంత రాదు. రానప్పుడు ఆ సూత్రంలో అంకెలు వేసి ఎఫ్‌పీయూ (ఫిల్టర్ పేపర్ యూనిట్లు) అని రాయకండి. ఎన్ని మైక్రోమోల్స్ వచ్చాయో ఉన్నదున్నట్టు ఇవ్వండి.

10. ఫలితాలు రాసేటప్పుడు

ప్రతి శిలీంధ్రానికి ఒక వరుస ఇవ్వండి. తడి గదిలో మచ్చ మీద కనిపించిందా, ఎన్ని ముక్కల నుంచి వచ్చింది, కుండీలో మచ్చ తెచ్చిందా, సీఎంసీ మీద ఎన్ని యూనిట్లు, ఆకు పొడి మీద ఎన్ని, ఏ రోజు గరిష్ఠం. మచ్చ తెచ్చినవాటినీ తేనివాటినీ పక్కపక్కన పెట్టండి. మచ్చ తేని శిలీంధ్రానికి యూనిట్లు ఎక్కువ వస్తే కంగారుపడి తీసేయొద్దు. అదీ ఒక ఫలితమే. ఎంజైమ్ ఉన్నంత మాత్రాన ఆకులోకి దారి దొరకదని అది చెబుతోంది. దానికి కంపోస్టులోనో, గడ్డి విచ్ఛిన్నంలోనో ఉపయోగం ఉండవచ్చు. మచ్చ తెచ్చిన శిలీంధ్రం ఆకు పొడి మీద ముందుగా ఎంజైమ్ విడుదల చేస్తే, తెగులు సోకిన ఆకును నూరి తీసిన రసంలో కూడా ఆ ఎంజైమ్ ఉందేమో చూడటం తర్వాతి పని. ఆ రసంలో మొక్క చక్కెరలు చాలా ఉంటాయి కాబట్టి డయాలిసిస్‌తో వాటిని తీసేయకుండా డీఎన్ఎస్ పోయవద్దు.

కల్చర్లను పీడీఏ స్లాంట్ల (మీడియాను వాలుగా గడ్డకట్టించిన ట్యూబుల) మీద 4 డిగ్రీల దగ్గర దాచి, రెండు మూడు నెలలకోసారి కొత్త స్లాంట్లకు మార్చండి. చాలాసార్లు మార్చిన కొద్దీ తెగులు తెచ్చే శక్తి తగ్గిపోవచ్చు. అందుకని 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర ఒక నకలు ఉంచుకుంటే మేలు. వాడేసిన ప్లేట్లు, కుండీల్లో తెగులు సోకిన ఆకులు అన్నీ ఆటోక్లేవ్ చేశాకే బయట పారేయాలి. క్యాంపస్ పక్కనే ఎవరిదో ఒకరి చిక్కుడు పందిరి ఉంటుంది.